పడసాల గోడకు అమ్మ పలక

మా చిన్నవాడు మార్కాపురంలో ఇల్లు కట్టుకున్నాడు. కట్టుకున్నవాడు ఊరుకోవచ్చు కదా, గోడలకు ఏం తగిలించాలో చెప్పడానికి ఒంగోలు నుంచి ఒక కుర్రవాణ్ణి పిలిపించాడు. అది కూడా ఒక ఉద్యోగమేనని, దానికి కాలేజీ ఉందని, అందులో సీటు దొరకడం మహా కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. ఆ కుర్రవాడు హాల్లోకి వచ్చి, పెళ్ళిచూపులకు వచ్చిన మేనత్తలాగా గోడను పైనుంచి కిందికి చూసి, కళ్ళు మూసుకుని, తెరిచి, మళ్ళీ చూసి తీర్పు చెప్పాడు.

"గోడకు ఊపిరాడాలి ఆంటీ. ఒకే ఒక్క ఫ్రేము. అది కూడా మధ్యలో కాదు, కొంచెం పక్కకు. మిగతాదంతా ఖాళీ."

"ఖాళీకి కూడా నీకు ఫీజు ఇయ్యాలా నాయనా?" అన్నాను.

"ఖాళీకే ఆంటీ ఫీజు," అన్నాడు. తెలివైనవాడు, బాగుపడతాడు.

నాకు నవ్వు వచ్చింది. వచ్చింది ఆగలేదు. మావాడు నన్ను మర్యాదగా వంటింట్లోకి సాగనంపి తలుపు వేశాడు. వాడికేం తెలుసు? నేను ఊపిరాడని గోడ కింద పుట్టి పెరిగినదాన్ని.

గిద్దలూరులో మాది మట్టిగోడల మిద్దె. వీధి గుమ్మం దాటగానే పొడుగాటి పడసాల. వచ్చినవాళ్ళు కూర్చునేది అక్కడే, దుకాణంలో పట్టని బస్తాలు దింపేది అక్కడే, నేను చదివేది, నన్ను చదివిస్తూ నాయన నిద్రపోయేది అక్కడే. ఆ పడసాలకు కుడివైపు, తలుపూ కిటికీ లేని గోడ ఒకటి. ఎంత మందమంటే, ఎండాకాలంలో బయట తగిలిన వేడి లోపలికి రావడానికి బయలుదేరి దసరాకు చేరేది. ఎంత పొడుగంటే, ఈ కొసన ఉన్న వినాయకుడికి దండం పెట్టడం మొదలుపెట్టిన మా అవ్వ ఆ కొసన ఉన్న ఆంజనేయుడి దగ్గరికి పోయేసరికి పొయ్యి మీద అన్నం మాడేది. ఆ గోడ ఏ రంగో చెప్పగలిగిన మనిషి మా వీధిలో లేడు. కనబడితే కదా చెప్పడానికి!

నాయనది కిరాణా దుకాణం. నంద్యాల, కంభం, మార్కాపురం, ఎక్కడెక్కడి నుంచి సరుకు దిగేదో అక్కడినుంచల్లా కొత్త సంవత్సరానికి క్యాలెండర్లు కూడా దిగేవి. ఇప్పటివాళ్ళకు క్యాలెండర్ అంటే తేదీ చూసుకునే కాగితం. మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో అది మర్యాద. క్యాలెండర్ ఇచ్చిన షావుకారు ఏడాదిలో ఎప్పుడో ఒకసారి ఇంటికి వస్తాడు. మజ్జిగ తాగుతూ, ఏమీ ఎరగనట్టు గోడ వైపు చూస్తాడు. అక్కడ తన క్యాలెండర్ కనబడాలి. కనబడకపోతే మజ్జిగ పుల్లగా ఉందంటాడు. పైనెల సరుకు ఆలస్యమవుతుంది.

అందుకని ఫలానావారు వస్తున్నారని కబురు అందగానే నాయన స్టూలెక్కేవాడు. నూనె మిల్లువారి సరస్వతిని వెనక్కి తోసి, బెల్లం మండీవారి కృష్ణుణ్ణి ముందుకు లాగేవాడు. ఇద్దరు షావుకార్లు ఒకే పూట వస్తే ఆయన కార్చిన చెమటతో మా వీధి వీధంతా కళ్ళాపి చల్లుకోవచ్చు. నేను తక్కువదాన్నా? ఆయన స్టూలు దిగి ఎదురుబోయే సందులో నేనెక్కి, ముందున్న కృష్ణుణ్ణి మళ్ళీ వెనక్కి పంపేదాన్ని. అతిథి గోడంతా కళ్ళతో దేవుకోవడం, నాయన అతిథి మొహమంతా దేవుకోవడం. టికెట్ లేకుండా అంతకంటే మంచి సినిమా మా ఊళ్ళో ఆడలేదు.

నాయన చట్టం ఇదయితే అవ్వ చట్టం ఇంకొకటి. దేవుడి బొమ్మను పారెయ్యకూడదు. ఏడాది తిరగ్గానే తేదీల కాగితాలు చించి పొట్లాలు కట్టడానికి దుకాణానికి పంపి, బొమ్మను మాత్రం అదే మేకుకు ఉంచేది. దాని మీద కొత్తది. మరుసటేడు దాని మీద ఇంకొకటి. ఒక్కొక్క మేకుకు వెంకటేశ్వరస్వాములు పరుపంత మందాన పేరుకుపోయారు. ఒక బల్లి ఆ పొరల్లోకి ఒంటరిగా దూరి, కొన్నాళ్ళకు పిల్లలూ మనవలతో బయటికి రావడం నేను కళ్ళారా చూశాను.

ఆ పైన వరసలో మా ఇంటి పెద్దల ఫోటోలు, పోయినవాళ్ళవి. అన్నీ ముందుకు వంగి, కింద కూర్చుని తింటున్నవాళ్ళ విస్తట్లో ఏం వడ్డించారో చూస్తున్నట్టు ఉండేవి. మా తాత ఫోటో వెనక పిచ్చుకలు కాపురం పెట్టాయి. తలపాగా చుట్టూ గడ్డిపరకలు బయటికి పొడుచుకుని వచ్చేవి. "బతికినన్నాళ్ళూ మీ తాతకు బట్టతలే. ఇప్పుడొచ్చింది చూడు జుట్టు!" అని అవ్వ మురిసిపోయేది.

ఇంత గోడలో అమ్మది ఒక్కటీ లేదు.

అమ్మ పుట్టిల్లు మార్కాపురం. వాళ్ళ నాయనకు పలకల కార్ఖానా ఉండేది. గనిలోంచి వచ్చిన రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక. పెద్ద పొర చీలుతుంటే ఎక్కడో ఒకచోట బీట పడుతుంది, అందుకే పలకలన్నీ చిన్నవి. ఒకసారి మాత్రం బీట లేని పెద్ద పొర ఒకటి లేచిందట. ఆయన దాన్ని ముక్కలు కొయ్యనివ్వలేదు. గట్టి చట్రం బిగించి, బొమ్మల పిచ్చి ఉన్న కూతురి చేతికి ఇచ్చాడు. అమ్మ కాపురానికి వస్తూ పెట్టెతో పాటు దాన్నీ తెచ్చుకుంది. చిన్నప్పుడు నేను అది ఏనుగుకు కప్పే దుప్పటంత ఉందని బడిలో చెప్పేదాన్ని. ఇప్పుడు వయసు వచ్చింది కనుక తగ్గించి చెబుతున్నాను: అమ్మ రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు సరిపోయేది. ఎత్తాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి.

అది వంటింటి పక్క గదిలో, బియ్యం డబ్బా వెనక, మొహం గోడకు తిప్పుకుని నిలబడి ఉండేది. మధ్యాహ్నం అవ్వ కునుకు తీసేటప్పుడు అమ్మ ఆ డబ్బాను పక్కకు జరిపి, సందులో దూరి, బలపంతో ఏదో గీసుకునేది. అవ్వ దగ్గినట్టు వినబడితే పైటకొంగుతో తుడిచేసేది. బలపం పొడి వాసన, పాత బియ్యం వాసన కలిస్తే నా మట్టుకు నాకు అదే అమ్మ వాసన.

ఆమె కోరిక ఒక్కటే. ఆ పలక పడసాల గోడకు ఎక్కాలి. ఏటా ఉగాదికి ముందు సున్నం కొట్టించడానికి గోడ ఖాళీ చేస్తారు కనుక అప్పుడే అడిగేది.

"అత్తా, ఈసారన్నా నా పలకకు ఇంత చోటియ్యండి."

"నల్లటిది తెచ్చి ఇంటి మొగాన పెడతారామే యాడన్నా? వచ్చినోళ్ళు ఏమనుకుంటారు?" అనేది అవ్వ.

నాయనను అడిగితే ఆయన కాదనేవాడు కాదు. అదే ఆయనతో చిక్కు. "పెడదాంలే. ఈ ఏడు బెల్లం మండీవాళ్ళు రెండు పంపినారు, సర్దుకోవాల గదా. పైయేడు చూద్దాం," అనేవాడు. పైయేటికి మండీవాళ్ళు మూడు పంపేవాళ్ళు.

నేను చెప్పేది వాళ్ళు అట్లా చెప్పీ చెప్పీ అలవాటు పడిపోయిన తరువాతి ఉగాది సంగతి. సున్నం కొట్టే పెద్దాయనకు కబురు పంపిన రోజు, అన్నాల దగ్గర, అమ్మ చారు వడ్డిస్తూ చాలా నెమ్మదిగా చెప్పింది.

"ఈసారి నా పలక గోడెక్కకపోతే దాన్ని మార్కాపురం పంపిస్తా. మా తమ్ముడి పిల్లోళ్ళు గీసుకుంటారు. ఈడుండి బియ్యం డబ్బాకు కాపలా కాసింది చాలు."

అరిచి ఉంటే నాయన భయపడేవాడు కాదు. మెల్లగా చెప్పేసరికి ఆయన చారు అన్నంలో పోసుకోకుండా మంచినీళ్ళ చెంబులో పోసుకున్నాడు. అవ్వ మాత్రం, "పంపించుకోమ్మా, నీ సొమ్ము," అని అప్పడం విరిచింది. ఆ అప్పడం చప్పుడు నాకు పిడుగులాగా వినబడింది. ఎందుకంటే ఆ సందులో అమ్మ గీసిన బొమ్మలు తుడవకముందు చూసినదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే.

సున్నం రోజు వచ్చింది. ఇంట్లో ఆ రోజు వంట ఉండదు, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలే. బొరుగుల తిరగమోత వాసన ఒకపక్క, గాబులో బుసబుసమని కాగుతున్న సున్నం వాసన ఒకపక్క. ముక్కు ఏ వైపు తిప్పాలో తెలియక మేమంతా తుమ్ముతూ తిన్నాం. క్యాలెండర్లన్నీ దించి పెరట్లో నులక మంచం మీద పేర్చారు. మంచం నేలకు ఆనింది. ఫోటోలు దించబోతుంటే తాత వెనక నుంచి కిచకిచమని పిల్లల గొంతులు వినబడ్డాయి.

సున్నం పెద్దాయన నిచ్చెన మీద నుంచే, "అక్కా, గూడు తీసేద్దునా?" అని అడిగాడు.

"మా ఆయన్ని తాకినావంటే నిచ్చెన లాగేస్తా!" అన్నది అవ్వ. "ఆయన వెనకాల బాలింత ఉంది. చుట్టూ కొట్టుకుంటా పో."

ఆయన చుట్టూ కొట్టుకుంటూ పోయాడు. కుంచె చిమ్మిన సున్నం చుక్కలు అద్దం మీద సరిగ్గా మీసాల దగ్గర పడి, తాత పెరుగన్నం తిని మూతి కడుక్కోనట్టు తయారయ్యాడు. మధ్యాహ్నానికల్లా గోడ ఆరింది. నా జన్మలో మొదటిసారి నేను ఆ గోడను చూశాను. తెల్లగా ఉంది. నీలిమందు కలిపిన తెలుపు. దాని ముందు మాట్లాడితే మాట తిరిగి వచ్చి మనకే తగులుతున్నట్టుంది. నాకైతే కొంచెం సిగ్గేసింది, ఎవరినో స్నానం చేస్తుండగా చూసినట్టు.

సరిగ్గా అప్పుడు నాయన దుకాణం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నంద్యాల పప్పు మిల్లు షావుకారు స్టేషన్‌లో దిగాడట. దారిలో ఎవరినో పలకరిస్తూ ఆగాడట. గంటలో ఇంట్లో ఉంటాడు.

"మిల్లువాళ్ళ క్యాలెండర్ యాడ? మంచుకొండ బొమ్మది! ఎర్ర ఇల్లు ఉంటాది సూడు!"

నేను పెరట్లోకి పరుగెత్తాను. పరుగెత్తినదాన్ని అక్కడే నిలబడిపోయాను. మంచం పక్కన ఒక మేక ఉంది. వెనక సందులో మేకలు పెంచుకునే పెద్దక్కది. మంచుకొండను అప్పటికే మింగేసింది. ఎర్ర ఇల్లు నోట్లో ఉంది. పచ్చిక బయలు కింద పడి ఉంది, దాన్ని ముట్టలేదు. నిజం గడ్డి తినే జంతువుకు గడ్డి బొమ్మ మోసమని తెలిసిపోయి ఉంటుంది. దేవుళ్ళ జోలికి కూడా పోలేదు. "చూసినారా, దానికున్న భక్తి!" అని అవ్వ తరువాత చాలాకాలం చెప్పుకున్నది. అసలు కారణం వేరు. దేవుళ్ళ మీద ఏళ్ళ తరబడి సాంబ్రాణి పొగ పేరుకుని ఉంది, మేకకు ఘాటు పడి ఉండదు.

నేను అరిచిన అరుపుకు మేకల పెద్దక్క గోడ మీదుగా తొంగిచూసి, తల బాదుకుంటుందనుకుంటే, మా మీదికే వచ్చింది.

"ఏందమ్మా, రంగు కాయితాలు ఆరుబయట పెడతారా? నా మేకకు కడుపునొప్పి వస్తే ఎవురు చూసుకుంటారు?"

"నీ మేక కడుపులో మా షావుకారి మిల్లుందే తల్లీ!" అన్నాడు నాయన ఏడుపుగొంతుతో.

"ఉంటే రేపటికి బయటికొస్తాది. కావాలంటే ఏరి పెట్టిస్తా," అని మేకను తోలుకుపోయింది.

నాయన తెల్లటి గోడ ముందు నిలబడ్డాడు. ఇంకో క్యాలెండర్ ఏదైనా పెడితే, మిల్లువాళ్ళది తీసేసి వేరేవాళ్ళది పెట్టారన్న మాట వస్తుంది. ఏమీ పెట్టకపోతే ఉగాది ముందు గోడ బోడిగా ఉంటుంది. అవ్వ అప్పుడే, "బోడిగోడ ముందర మనిషిని కూసోబెడతావా? ఎవురో పోయిన ఇల్లనుకుంటాడు," అని గొణగడం మొదలుపెట్టింది.

అమ్మ వంటింటి గుమ్మంలో నుంచి అన్నది, "నా పలక ఉంది."

అందరూ అటు తిరిగారు.

"అది క్యాలెండర్ కాదు. ఎవురిదీ తీసేసినట్టు కాదు, ఎవురిదీ పెట్టినట్టు కాదు. గోడా బోడిగా ఉండదు."

నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ, మీసాల మీద సున్నంతో ఉన్న తాత ఫోటో వైపు చూసింది. తాత ఏమీ అనలేదు. "ఈ పూటకే మరి. ఆయన పోతానే దించాల," అన్నది.

ఈ పూటకు! అమ్మకు అది చాలు. కానీ మట్టిగోడకు అంత బరువు ఏ మేకు ఆపుతుంది? నాయన ఒకటి కొడితే గోడే గుప్పెడు రాలింది. అప్పుడు సున్నం పెద్దాయన, గోడలోకి దిగేసిన రెండు చిలకకొయ్యలు చూపించాడు. తాత గొడుగు, కండువా తగిలించుకోవడానికి ఇల్లు కట్టిననాడే పాతిన కొయ్యలు అవి, ఇంతకాలం క్యాలెండర్ల చాటున ఎవరికీ కనబడలేదు. ఆయనా నాయనా కలిసి, రొప్పుతూ, పలకను ఆ రెండింటి మీద కూర్చోబెట్టి, పైన తాడుతో దూలానికి కట్టారు. తెల్లటి గోడ మీద అంత నల్లటి పలక! చూస్తే పక్కింటివాళ్ళకు కిటికీ తెరిచినట్టుంది.

అమ్మ స్టూలెక్కింది. పట్టపగలు, పడసాలలో, అందరి ముందరా బలపం పట్టుకోవడం ఆమెకు అదే మొదలు.   ముందు కొండలు గీసింది, మంచుకొండలు కావు, మన నల్లమల. తరువాత కొండ పొట్టలో ఒక కమాను. అందులోంచి బయటికి వస్తున్న రైలు. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే దారిలో కొండను తొలిచిన సొరంగం ఉంది కదా, అది. ఒకే ఒక్కసారి మహానందికి పోతూ ఆమె ఆ సొరంగం దాటింది. కిటికీ దగ్గర కూర్చుని, కంట్లో బొగ్గు నలుసు పడినా తల లోపలికి తీసుకోలేదట. పొగను పత్తితో రుద్ది చేసింది. సొరంగానికి మాత్రం ఏమీ గీయలేదు. అక్కడ పలకను పలకలాగే వదిలేసింది. ఆ నలుపులోంచి ఇంజను ఎంత విసురుగా బయటికి వచ్చిందంటే, నేను దారి తప్పుకుని పక్కకు నిలబడ్డాను.

చెప్పుల చప్పుడు వినబడింది. అమ్మ ఒక్క గంతులో స్టూలు దిగి లోపలి తలుపు చాటుకు పోయింది.

షావుకారు భారీ మనిషి. ఆయన కూర్చున్నాక కుర్చీ కనబడేది కాదు. మజ్జిగ అందుకున్నాడు. ఒక గుటక వేసి, ఏమీ ఎరగనట్టు గోడ వైపు చూశాడు. నాయన ఊపిరి బిగబట్టాడు. ఆ ఊపిరి వదిలి ఉంటే మా మిద్దె పైకి లేచేది. షావుకారు చూస్తూనే ఉన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. లేచాడు. దగ్గరికి పోయాడు.

"ఏందిరా తమ్ముడూ ఇది! నేను పొద్దున వచ్చిన రైలే గదా!"

"అవునన్నా," అన్నాడు నాయన, ఏది అవునో తెలియకుండానే.

"ఇదో, ఈ పెట్టెలోనే కూసున్నా నేను. ఎవురు గీసినారు?"

"మా... ఇంట్లో మనిషే."

"మనిషా! చెయ్యి కాదురా అది!" ఆయన క్యాలెండర్ మాటే మర్చిపోయాడు. సొరంగం వైపు వేలు పెట్టబోయి, మసి అంటుతుందేమో అన్నట్టు వెనక్కి తీసుకున్నాడు. "ఎంత బాగుంది! మా మిల్లు ఆఫీసులో ఉంటే వచ్చిపోయేవాళ్ళంతా చూద్దురు."

ఇక్కడ మావాళ్ళ మర్యాద ఒకటి చెప్పాలి. ఇంటికి వచ్చిన పెద్దమనిషి దేన్నయినా మెచ్చుకుంటే, "మీకంటే ఎక్కువా, తీసుకుపోండి" అనాలి. ఆయన, "అయ్యో, ఎక్కడుంటే ఏం, మీ ఇంట్లోనే ఉండనియ్" అనాలి. ఇద్దరూ సంతోషంగా మజ్జిగ తాగాలి. తరతరాలుగా చెంబులు, గొడుగులు, ఎడ్లజతలు, ఒకసారి ఏకంగా ఒక బావి కూడా ఇట్లా ఇచ్చేశారు, అన్నీ ఎక్కడివక్కడే మిగిలిపోయాయి.

నాయన అలవాటుగా అనేశాడు. "మీరు మెచ్చినాంక మాదేముందన్నా, తీసుకపోండి."

షావుకారు తన వంతు మాట మర్చిపోయాడు.

"అట్లనా! అయితే ఇద్దర్ని పిలిపియ్. సాయంత్రం లారీకి ఏసుకుని పోతా. గోనెపట్టాలు ఉన్నాయా?"

 లోపలి తలుపు దగ్గర నేను అమ్మ పక్కనే ఉన్నాను. ఆమె చెయ్యి తలుపు గొళ్ళెం మీద ఉంది. ఏళ్ళ తరబడి అడిగిన చోటు దొరికి, ఇంకా ఆయన మజ్జిగ గ్లాసు కూడా ఖాళీ కాలేదు. బియ్యం డబ్బా వెనక ఉన్నా ఇంట్లో అయితే ఉండేది. ఇప్పుడు నంద్యాల లారీ ఎక్కబోతున్నది.

అమ్మ తలుపు తెరుచుకుని పడసాలలోకి వచ్చింది. పరాయి షావుకారు ముందుకు ఆమె రావడం, మాట్లాడడం అంతకు ముందు ఎరగం. కొంగు భుజం మీదుగా తీసుకుని, మంచినీళ్ళ చెంబులో తడిపింది.

"బావా, పలక మా నాయన నాకిచ్చింది. అది ఇయ్యలేను. బొమ్మంటారా, మీకు నచ్చితే ఎన్నైనా గీసిస్తా. మంచి కాయితం తెచ్చుకోండి."

ఆ మాట అంటూనే తడికొంగుతో పలకను తుడిచేసింది. కొండలు, కమాను, పొగ, రైలు, అన్నీ ఒక్కసారిగా పోయాయి. షావుకారు కూర్చుని వచ్చిన పెట్టె కూడా పోయింది. నల్లటి పలక తడితో నిగనిగలాడింది.

నాయన కళ్ళు మూసుకున్నాడు. ఆయనకు ఆ క్షణంలో పప్పు లేని దుకాణం కనబడి ఉంటుంది. అప్పుడు వెనక నుంచి ఒక కేక.

"అయ్యో, రైలు!"

అవ్వ. గుమ్మం దగ్గర కూలబడిపోయింది. "ఎంత పని చేస్తివే పిల్లా! ఇంకా నేను ఆఖరి పెట్టెదాకా చూడనేలేదు గదనే!"

అప్పుడు తెలిసింది మాకు. అమ్మ గీస్తున్నంతసేపూ అవ్వ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉందని. ఆమె పుట్టి బుద్ధెరిగి రైలెక్కలేదు. కొండ కడుపులో దూరి బయటపడడమంటే రెండోసారి పుట్టినట్టేనని, ఒకసారి పుట్టింది చాలని అనేది. అట్లాంటి మనిషి ఇప్పుడు కొడుకు మీద విరుచుకుపడింది.

"నీ నోటికి అడ్డూ ఆపూ లేదా? పెండ్లాం సొమ్ము ఎత్తిచ్చేదానికి నువ్వెవురురా? ఏమప్పా షావుకారూ, ఇస్తే పుచ్చుకోవడమేనా?"

షావుకారు మొదట తెల్లబోయాడు. తరువాత ఆ భారీ శరీరం కింది నుంచి పైకి కదిలింది. నవ్వుతున్నాడని మాకు చాలాసేపటికి గానీ తెలియలేదు. "నాదే తప్పు చిన్నమ్మా. పుచ్చుకోకూడదని మర్చిపోతి. అమ్మాయ్, కాయితం నేనే తెస్తా. నా పెట్టె మాత్రం మర్చిపోకుండా గియ్యాల. కిటికీలో నన్ను గూడ గీస్తే ఇంకా మంచిది." గ్లాసు మళ్ళీ నింపించుకుని తాగి, మజ్జిగ కమ్మగా ఉందన్నాడు. నాయన కళ్ళు తెరిచాడు.

ఆయన పోయాక పలకను దించాలన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. అవ్వ స్టూలు తెచ్చి దాని కింద వేసి, "మళ్ళీ గియ్యి. ఈసారి ఆఖరి పెట్టె నుంచి మొదలుపెట్టు," అన్నది.

ఇక చూడండి. దించిన క్యాలెండర్లు దుకాణానికి పోయాయి, షావుకార్లు అక్కడే వెతుక్కోవడం నేర్చుకున్నారు. అమ్మ రెండు మూడు రోజులకొక బొమ్మ గీసేది. కంభం చెరువు, సంతలో గాజులు, మేకల పెద్దక్క మేక నోట్లో ఎర్ర ఇల్లు. ఆ బొమ్మ చూడడానికి పెద్దక్క మేకను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. పొద్దున్నే చెంబులు పట్టుకుని బయలుదేరిన ఆడవాళ్ళు మా గుమ్మం దగ్గర ఆగి, "ఈ పొద్దు ఏం గీసినావు వదినా?" అని తొంగిచూసేవాళ్ళు. అమ్మ నడకే మారిపోయింది. పప్పు రుబ్బుతున్నా కళ్ళు ఎక్కడో ఉండేవి. ఉగాదికి ఓళిగలు, అదే బొబ్బట్లు, మాడ్చింది. ఆ మాడినవి కూడా అవ్వ ఏమీ అనకుండా తిన్నది.

ఒకరోజు అవ్వ, ఎవరూ లేకుండా చూసి అడిగింది. "పిల్లా, మా ఊరు గీస్తావా? మా అమ్మగారి ఇల్లు."

కొమరోలు అవతల ఒక పల్లె. అమ్మ ఎప్పుడూ చూడలేదు. అవ్వ చెబుతుంటే గీసింది. రాళ్ళ అరుగు, ముందర చింతకట్టె మొద్దు, పక్కన జొన్న దంట్లు కుప్పగా పేర్చిన వామి. మొద్దు కొంచెం ఎడమకని, అరుగు అంత ఎత్తు కాదని అవ్వ చెబుతూ పోయింది, అమ్మ తుడుస్తూ గీస్తూ పోయింది. అంతా అయ్యాక అవ్వ చాలాసేపు చూసి, "మా అమ్మ ఏది?" అన్నది.

"ఎట్లుంటాదో చెప్పు అత్తా."

  అవ్వ చిన్నతనంలోనే వాళ్ళమ్మ పోయింది. ఫోటో అనేది ఆ పల్లెలో ఎవరూ ఎరగరు. "ముక్కుకు పుడక ఉండేది..." అని ఆగిపోయింది. ఆ ముక్కు ఎట్లా ఉండేదో ఆమెకు గుర్తు రావడం లేదు.

అమ్మ బలపం తీసుకుంది. అరుగు మీద, రోలు ముందు కూర్చుని రుబ్బుతున్న ఒక ఆడమనిషిని గీసింది, వీపు మన వైపు పెట్టి. జారుముడి, ముందుకు వంగిన భుజం, పక్కన నేల మీద ఒక చంటిపిల్ల.

"అదే," అన్నది అవ్వ. "ఎప్పుడూ పనిలోనే ఉండేది. తిరిగి చూసేదానికి తీరికేది?"

ఆ బొమ్మను అమ్మ తుడవలేదు. వానలు వచ్చాయి, పోయాయి. వీధిలో ఆడవాళ్ళు అడిగీ అడిగీ మానేశారు. అమ్మ చేతిలో బలపం ఉండేది, గీయడానికి చోటు లేదు. మళ్ళీ పప్పు రుబ్బేటప్పుడు పప్పు వైపే చూడడం మొదలుపెట్టింది. పలక గోడ మీదే ఉంది, కానీ అమ్మది కానట్టయింది. 

ఇప్పుడు ఆ మిద్దె లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పడసాల పోయింది. పలక మీద అమ్మ గీసినవాటిలో ఒక్కటీ మిగల్లేదు, ఒక బొమ్మ తప్ప మిగతావన్నీ ఆమే గీసి ఆమే తుడిచింది. పలక మాత్రం బీట పడకుండా నా దగ్గరే ఉంది. ఎవరైనా నన్ను ఆ ఇంట్లో ఒక్క పొద్దు మళ్ళీ గడపమంటే ఉగాదులూ పెళ్ళిళ్ళూ అడగను. చలికాలం మొదట్లో వచ్చిన ఒక పొద్దు అడుగుతాను. నేను నిద్ర లేచి వచ్చేసరికి అవ్వ స్టూలెక్కి ఉంది. ఆ వయసులో ఆమెకు స్టూలెక్కే పని ఏమిటని నాయన కింద నుంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. ముందు వామిని తుడిచింది, తరువాత అరుగును. రోలు ముందున్న మనిషి దగ్గర కొంచెంసేపు ఆగి, అక్కడ మాత్రం గుడ్డతో కాకుండా అరచేత్తో, బిడ్డ వీపు నిమిరినట్టు తుడిచింది.

"నేను చూసుకుంటిలే పిల్లా," అన్నది స్టూలు దిగుతూ. "ఇంగ నీ ఇష్టం వచ్చింది గీసుకో."

అమ్మ బలపం తీసుకుని పలక ముందుకు వచ్చింది. ఇంకా తడి ఉంది. తడి మీద బలపం అంటదు. ఏం గీస్తుందో ఆమెకే తెలియదు. అవ్వ, నాయన, నేను, మా వెనక గుమ్మంలో చెంబులు పట్టుకుని ఆగిన ఆడవాళ్ళు, అందరం ఆ నిగనిగలాడే నలుపు వైపు చూస్తూ, ఆరేదాకా అట్లాగే నిలబడ్డాం.